సుబాబుల్ మొక్కలపై సుగుణమ్మ టీచరు సమరం

సుగుణమ్మ టీచరు కాలధర్మం చెందారన్న వార్త నాకు సంగారెడ్డి బస్టాండులో తెలిసింది. పటాన్‌చెరు బస్సు ఎక్కబోతుంటే మా పాత బడి అటెండరు ఎదురై చెప్పాడు. జ్వరమని ఆస్పత్రిలో చేరారు, నేడో రేపో లేచి వస్తారనుకుంటున్న మనిషి ఇక రారట. దుఃఖం కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఈనాటికీ చల్లారలేదు. సంస్మరణకు ఉచితమైన ప్రశాంతత నాలో లేదు, చదువరులు మన్నించాలి.

ఆమె సైన్సు టీచరు, నేను తెలుగు పండితుణ్ణి. ఒకే ఉన్నత పాఠశాలలో చిరకాలం పనిచేశాం. పదవీ విరమణ తర్వాత పటేల్‌గూడలో ఒకే వీధిలో ఇళ్లు కట్టుకున్నాం. ఆమెది తరతరాలుగా చర్చికి వెళ్లే కుటుంబం. అయినా మా వీధి ఆడపడుచుల బతుకమ్మలకు బంతిపూలు ఆమె పెరటివే. ఆదివారం ప్రార్థనకూ ఆ పూలే. ఎవరైనా మొహమాటపడితే కసిరేవారు.

"పువ్వుకు చర్చేంది, బతుకమ్మేంది? పూసింది, కోసుకపోండ్రి!"

ఆ బంతి మడి ఆమెకు పంచప్రాణాలు. దాని శత్రువు ప్రహరీ గోడకు అవతల వరుసగా నిలబడి ఉండేది. పక్కనున్న మందుల ఫ్యాక్టరీ వాళ్లు పచ్చదనం చూపించుకోవడానికి గోడ పొడుగునా సుబాబుల్ చెట్లు నాటారు. ఎండాకాలం కాయలు చిట్లి గింజలు ఇటు రాలేవి. తొలకరి పడగానే, సరిగ్గా బంతినారు పోసే వేళకు, మడిలోనూ, మల్లె పాదుల్లోనూ, బట్టలుతికే బండ కిందా సుబాబుల్ మొలకలు బిలబిలా లేచేవి. వాన వెలిసీ వెలియకముందే కొంగు బిగించి దిగేవారు టీచరు. నేల మెత్తగా ఉండగానే, రెండాకులప్పుడే, వేరు తెగకుండా లాగాలన్నది ఆమె నియమం. ఒకసారి నేను కొడవలి పట్టుకొని సాయం వెళితే కేకలేశారు.

"అది లోపల పెట్టు సారూ! కోస్తే సావదది. వేరు కింద పదిలంగనే ఉంటది. ఒక్కటి కోస్తే గుంపు లేస్తది."

ఎనభైలలో అధికారులు మా బడికి వచ్చి ఇదే చెట్టును కల్పవృక్షమని కీర్తించారు. పిల్లలకు గింజలు పంచింది ఈ టీచరే. ఆ సంగతి ఆమె ఎన్నడూ దాచలేదు. "మేకలకు మేత, పొయ్యికి కట్టె అన్నరు, నమ్మిన. పంచినదాన్ని నేనే, ఇగ పీకేదాన్ని గూడ నేనే," అనేవారు. అంత నిష్కర్షగా తన పొరపాటును ఒప్పుకున్న పెద్దమనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఒక శ్రావణంలో, పీకిన మొలకలు గంపకెత్తుకొని ఫ్యాక్టరీ గేటుకు వెళ్లి మేనేజరు కారు ముందు కుమ్మరించారు. నేను వెంట ఉన్నాను.

"మీ సంతానం. మీరే సాదుకోండ్రి."

మేనేజరు కోస్తా నుంచి వచ్చినవాడు. నవ్వుతూ, "చెట్లు పెంచడం కూడా తప్పేనా అండీ? పచ్చగా ఉంటే మీకే కదా మంచిది!" అన్నాడు.

"పచ్చగున్నదల్ల మంచిదైతే, మీ గోడ కింద పారే నీళ్లు గూడ పచ్చగనే ఉన్నయి. జెర ఒక గిలాసెడు తాగుండ్రి, సూస్త."

గేటు కాపలాదారు మొహం తిప్పుకొని నవ్వుకున్నాడు. మేనేజరు కారెక్కి అద్దం ఎత్తేశాడు. చెట్లు మాత్రం ఒక్కటీ కదల్లేదు. ఆ తర్వాత ప్రతి వానాకాలం ఆమె గంప మోస్తూనే ఉన్నారు.

బస్టాండులో కబురు తెలిసిన ఆ రోజు నేను బస్సు దిగి పరుగున వెళ్లేసరికి పార్థివదేహం ఇంటికి వచ్చింది. ఆమె ఆస్పత్రిలో ఉండగా వానలు కురిసి మొలకలు పెరిగి మొక్కలయ్యాయి. షామియానా వేయాలని మా వీధి పెద్దలు పెరడంతా కొడవళ్లతో కోయించేశారు. బంతినారూ సుబాబులూ కలిసి ఒకే కుప్పలో పడి ఉన్నాయి.

"అంత సాఫ్ జేపిచ్చినం సారూ. పదిమంది వస్తరు, మంచిగ కనవడాలె గద," అన్నాడొకాయన గర్వంగా.

శవం ఎదుట అనకూడని మాటలు అన్నాను. ఎవరినీ క్షమాపణ కోరలేదు, కోరను కూడా.

సంస్మరణ ప్రార్థననాడు ఫ్యాక్టరీ అధికారి ఒకరు పూలదండతో వచ్చారు. టీచరుగారి జ్ఞాపకార్థం గోడ పక్కన మరో వరుస చెట్లు నాటిస్తామని ప్రకటించారు. నేను లేచి, "ఆమె పేరున ఒక్క చెట్టు నాటినా ఊరుకోను. చేతనైతే ఉన్నవి కొట్టించండి," అన్నాను. పాస్టరుగారు గబగబా పాట ఎత్తుకున్నారు.

ఈ ఏడు మా వీధి బతుకమ్మలకు బంతిపూలు పటాన్‌చెరు అంగట్లో కొన్నారు. నిన్న వాన వెలిశాక ఆమె పెరట్లోకి వెళ్లి, గుంపులుగా లేచిన ఆ మొక్కలను లాగి చూశాను. అరచేతులు చీరుకుపోయాయి, ఒక్కటీ రాలేదు. గోడ వైపు తిరిగి గట్టిగా తిట్టి, ఆమె లేని ఆ ఇంటి గడపకు నమస్కరించి వచ్చాను.

టీచరుగారి స్థానం ఎప్పటికీ ఖాళీగానే ఉంటుందని సభలో అందరూ అన్నారు. ఖాళీగా ఎక్కడుంది? అక్కడ సుబాబుల్ పెరుగుతోంది.