మా బావ వీపు మీద సెగ్గడ్డ

పెనుకొండ బస్టాండులో ఆ పొద్దున ఉగ్గాని మీద పప్పులపొడి చల్లలేదు. పొడి లేకుంటే అది ఉగ్గానా, తడిసిన బొరుగులా అని హోటలాయనతో తగువు పడుతుంటే ఫోన్ మోగింది. ధర్మవరం నుంచి మా అమ్మాయి.

"నాయనా, మామ పోయినాడు."

ఆసుపత్రిలో ఉన్న ఆయన్ని చూద్దామనే నేను హిందూపురంలో బస్సెక్కాను.

మా అమ్మాయి మామ నాకు వియ్యంకుడు. పట్టుచీరలు నేసేవాడు. బావా, బావా అంటూ ఆయన్ని ఏడిపించని రోజు లేదు. రోడ్డు మీద కూడా మగ్గం తొక్కినట్టే నడిచేవాడు. వెనకాలే నేనూ అట్లాగే నడిస్తే ముందు ఆయనే నవ్వేవాడు. పోగు తెగితే మాత్రం అన్నానికి పిలిచినా లేచేవాడు కాదు. "ఇప్పుడు ముడెయ్యకుంటే రేపు యాడ తెగిందో కనపడదు బావా" అనేవాడు.

ఆయనకు షుగరు. పొద్దున్నే మా అమ్మాయి షుగర్ మిషన్ చేతికిచ్చి వంటింట్లోకి పోయేది. వేలు పొడుచుకుని నెంబరు ఆయనే కేకేసి చెప్పాలి.

పోయిన నెల నేను అక్కడ ఉన్నప్పుడే ఆయన వీపు మీద సెగ్గడ్డ లేచింది.

"డాక్టరుకు చూపిద్దాం రా బావా."

"సెగ్గడ్డకు డాక్టరేందప్పా! అదే పగిలిపోతాది."

తర్వాత జ్వరం. చెంబు మీద చెంబు నీళ్లు తాగాడు.

"నెంబరెంత మామా?"

"నూటపది!"

ఇంట్లో అందరూ ధైర్యంగా ఉన్నారు. నేను హిందూపురం వచ్చేశాను. ఆ రాత్రే ఆయన మత్తుగా పడిపోయి ఎగశ్వాస తీశాడట. "షుగరున్నవాళ్లకు చీము పడితే, తిండి తినకపోయినా షుగరు పెరుగుతుంది. గడ్డ లేచిన రోజే రావాల్సింది" అన్నాడట డాక్టరు.

దినాల నాడు మా అమ్మాయి నా పక్కన కూర్చుని ఏడ్చింది. "రోజూ మంచి నెంబరే వస్తా ఉండె కదా నాయనా. నేనే సరిగ్గా చూసుకోలేదేమో." ఎదురుగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

అమ్మా, తప్పు నీది కాదు, మిషన్‌దీ కాదు. వేలికి పొడిస్తే పట్టు మీద రక్తం మరక పడుతుందని మీ మామ గునిశాడు. "ఇట్లియ్యి బావా, నా వేళ్లకు ఏం పని ఉండాది?" అని నా వేలు పొడిచి పెట్టాను. ఉన్నన్ని రోజులూ అదే చేశాను. నువ్వు వంటింట్లోంచి "భలే మామా!" అని మెచ్చుకుంటుంటే ఇద్దరం తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం.

ఆ నూటపది నాది.