చేతికి ఇవ్వని ఉప్పు

కిచెనర్‌లో మా ఇంటి ఓనరావిడ తొలిరోజే చెప్పేసింది, తాను మంత్రగత్తెనని. బేస్‌మెంట్ తాళాలు చేతిలో పెడుతూ, చెత్త ఏ రోజు బయట పెట్టాలో చెప్పినంత మామూలుగా చెప్పింది. ఉత్త మంత్రగత్తె కూడా కాదట, సముద్రపు మంత్రగత్తె. నా రూమ్మేట్ కరీంనగర్ పిల్ల. "బాణామతి గిట్ల చేస్తదా ఏంది?" అని నా చెవిలో గొణిగింది. ఆ ఏడాది మాలాంటి స్టూడెంట్లు విమానాల నిండా దిగుతున్నారు. రూములు దొరక్క ఒక్కో హాల్లో ఆరేడుగురు పరుపులేసుకుని పడుకుంటున్నారు. మంత్రగత్తె అయితే ఏంటి, హీటర్ పనిచేస్తే చాలనుకుని దిగిపోయాం.

ఆవిడకి అరవై దాటుంటాయి. ఈ దేశపు తూర్పు తీరంలో చేపలు పట్టేవాళ్ళింట్లో పుట్టి, పెళ్ళయ్యాక ఈ ఊరొచ్చిందట. ఇక్కణ్ణుంచి ఆ సముద్రం చూడాలంటే రెండు రోజులు డ్రైవ్ చేయాలి. అందుకని వంటింటి కిటికీలో సీసాల నిండా సముద్రపు నీళ్ళు పెట్టుకుంది. ఫ్రిజ్ మీద తన పుట్టూరి ఆటుపోట్ల టైమ్‌టేబుల్ అంటించుకుంది. పోటు మీదున్నప్పుడు కోరుకోవాలి, ఆటు మీదున్నప్పుడు వదిలేయాలి, అదీ ఆవిడ పద్ధతి. కుండీలో విత్తనం వేయాలన్నా, పాత బట్టలు తీసెయ్యాలన్నా ముందు ఫ్రిజ్ దగ్గరికెళ్ళి టైము చూసుకునేది. అక్కడ లేని సముద్రానికి ఇక్కడ టైము చూడ్డమేంటని రూమ్మేట్ పడీ పడీ నవ్వేది. నాకు నవ్వు రాలేదు. కాకినాడ దాటాక తీరం వెంబడి ఉంటుంది మా ఊరు. అక్కడ ఆటూ పోటూ చూడకుండా పడవ కదలదు. గంగమ్మకి పసుపు కుంకుమలు ఇవ్వకుండా కొత్త వల నీళ్ళలో దించరు. దాన్ని మేమెవరం మంత్రమనుకోలేదు.

నిజం చెప్పాలంటే ఆ చలికాలం నాకు నవ్వే కాదు, ఏదీ రాలేదు.

డిసెంబర్‌లో మా ఇల్లు సముద్రంలో కలిసిపోయింది. ఏళ్ళ తరబడి కెరటం ఒక్కో వీధీ తింటూ వచ్చింది, ఆఖరికి మా వంతొచ్చింది. ఆ రోజు నేను ఇక్కడి పక్క ఊరు కేంబ్రిడ్జ్‌లో, వేర్‌హౌస్‌లో సాయంత్రం షిఫ్టులో ఉన్నాను. బ్రేక్‌లో అక్క పంపిన వీడియో చూశాను. కెరటం వచ్చింది, వెనక గోడ వంగింది, వంటిల్లు మొత్తం కూర్చుండిపోయింది. చూశాను. డబ్బాలో పెరుగన్నం తిన్నాను. తర్వాత ఫోన్ చేస్తే అక్క ఒకటే ఏడుపు. అక్కా, బావా, పిల్లలూ స్కూలు బిల్డింగ్‌లో సర్దుకున్నారట. నేనేమన్నానో తెలుసా? "పోతే పోయిందిలే అక్కా. ఎలాగూ పోయేదే కదా. నాకు బ్రేక్ అయిపోతోంది." అచ్చం ఇవే మాటలు. అవతల ఏడుపు ఠక్కున ఆగింది. "నీ గుండె రాయైపోయిందే" అని పెట్టేసింది.

అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు, అక్కకి పదహారు. నాకు జడలేసిందీ, చదివించిందీ, చెంప పగలగొట్టిందీ అన్నీ అదే. అదిక మాట్లాడకపోతే నాకంటూ ఇంకెవరూ లేరు. రెండుసార్లు చేశాను, కట్ చేసింది. మూడోసారి చేయలేదు. నాలుగు నెలలు గడిచాయి. అసైన్‌మెంట్లు సబ్మిట్ చేశా, అట్టపెట్టెలకి టేపు వేశా, మంచు తవ్వా. దిక్కుమాలిన ఏడుపు ఒక్కసారైనా రాలేదు. బాధ కన్నా అదే ఎక్కువ భయపెట్టింది నన్ను.

ఏప్రిల్‌లో గ్రాండ్ రివర్ మీద మంచు కరిగాక, ఓ ఆదివారం పొద్దున్న ఓనరావిడ నన్ను ఏటి ఒడ్డుకి రమ్మంది. తన లాంటివాళ్ళు ఓ పది మంది కలుస్తారట. రానని చెప్పే ఓపిక కూడా లేక వెళ్ళాను. అందరూ గుండ్రంగా నిలబడ్డారు. మన మనవల కాలానికి ఈ నేల ఎలా ఉంటుందో కళ్ళు మూసుకుని చూసి, చూసింది చెప్పాలి. చెప్పేవాళ్ళ గుప్పిట్లో ఉప్పు ఉండాలి. చెప్పడం అవగానే ఆ ఉప్పు పక్కవాళ్ళ చేతిలో పొయ్యాలి. ఒకాయన మాల్ పార్కింగ్ స్థలంలో కూరగాయల మళ్ళు చూశాడు. ఒకమ్మాయి ఈ ఏటి నీళ్ళు దోసిట పట్టుకుని తాగేసిందట. వాళ్ళు అబద్ధం చెప్తున్నట్టు లేదు. మనసారా చూస్తున్నారు పాపం.

ఓనరావిడ నా పక్కనే ఉంది. తన వంతు రాగానే కళ్ళు మూసుకుని అంది: "సముద్రం అడిగినప్పుడు ఇళ్ళు వెనక్కి జరుగుతాయి. ఎవరూ దాన్ని తిట్టరు."

నాకు ఒళ్ళు మండింది. ఏం, ఇల్లంటే కుర్చీయా వెనక్కి జరపడానికి? నాలుగు నెలల్లో నాలో ఏదో కదలడం అదే మొదలు. ఆ మంటలోనే ఉండగా ఆవిడ నా వైపు తిరిగి గుప్పిట చాపింది. నేను చెయ్యి చటుక్కున లాగేసుకున్నాను. ఉప్పంతా గడ్డిలో పడింది.

అందరూ నన్నే చూస్తున్నారు. ఆవిడ మొహం చిన్నబోయింది. "మా వైపు ఉప్పు చేతికివ్వరు. ఇచ్చినవాళ్ళకీ తీసుకున్నవాళ్ళకీ గొడవొస్తుంది. కింద పెడితే తీసుకుంటాం" అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఎవరు నేర్పారని అడిగింది. "మా అక్క" అన్నాను. ఆ మాట పైకని ఎన్నాళ్ళయిందో. ఆవిడ మిగిలిన ఉప్పు ఓ పలక రాయి మీద పోసి పక్కకి తప్పుకుంది. తీసుకుని కళ్ళు మూసుకున్నాను. ఏం కనపడుతోందని అడిగారు. ఏమీ కనపడట్లేదన్నాను. 

కొంచెం దూరం వెళ్ళి అక్కకి వాయిస్ మెసేజ్ పెట్టాను. "అక్కా, ఇందాక ఒకావిడ నా చేతికి ఉప్పివ్వబోతే చెయ్యి లాగేసుకున్నానే." అంతే.  అక్కడ రాత్రి భోజనాల వేళ. రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"ఒసేయ్, తప్పు నాదేనే" అంది అక్క, ఎలా ఉన్నావని కూడా అనకుండా. "నువ్వు వెళ్ళే ముందురోజు పులుసులో ఉప్పు చాల్లేదని పొయ్యి దగ్గరికొచ్చి చెయ్యి చాపావు. తొందరలో నీ చేతిలోనే పోసేశాను. పోశాక గుండె గుభేలుమంది. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ఫోన్లో అన్న మాట నీది కాదే, నా చేతి ఉప్పుది."

నాకు అదేదీ గుర్తు లేదు. "కాదక్కా, అన్నది నేనే" అన్నాను. "నోర్ముయ్, నీకేం తెలీదు" అంది. ఎంత చెప్పినా వినదే! ఆ పాపమంతా తన నెత్తిన వేసుకుని మొహం చెల్లక అప్పుడు ఫోన్ ఎత్తలేదట, ఈ నాలుగు నెలలూ తనూ చేయలేదట. దాన్ని కాస్త నవ్విద్దామని, "సరేలే, ఈసారి పొయ్యి గట్టు మీద పెట్టవే, నేనే తీసుకుంటా" అన్నాను.



"గట్టెక్కడుందే ఇంక" అంది.

పొయ్యి పక్కన నల్లరాయి గట్టు. అమ్మ వేయించింది. అమ్మ పోయాక దాని మీదే నన్ను కూర్చోబెట్టి అక్క జడలేసేది. ఓ మూల పెచ్చు ఊడి ఉండేది. ఆ మూలతో సహా కనపడింది, కెరటం రావడమూ కనపడింది. ఏటి ఒడ్డున గడ్డిలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. అవతల అక్కా ఏడుస్తోంది. ఇద్దరిలో ఎవరమూ ఫోన్ పెట్టలేదు.