బల్లకట్టు ఎక్కని కారు

శామీర్‌పేట చెరువు నిండిన ఏడల్లా మా దిబ్బగూడెం చుట్టూ నీళ్ళే. రోడ్డు మునుగుతుంది, వంతెన మాట మాత్రం ప్రతి ఎన్నికకూ పైకి తేలుతుంది. మేం చప్పట్లు కొడతాం. అంత తెలివైన జనం మరి!

మమ్మల్ని నిజంగా గట్టెక్కించేది పర్వతాలు ఒక్కడే. రెండు పడవల మీద పలకలు బిగించి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కట్టిన మోకు పట్టుకుని లాగే బల్లకట్టు అతనిది. పాల క్యాన్లు, స్కూటర్లు, శామీర్‌పేట బడిలో పంతులునైన నేను, అందరం దాని మీదే. వానాకాలమంతా అతనింట్లో పొయ్యి వెలిగేదీ దానితోనే. నోరు మాత్రం మంచిది కాదు. సర్పంచ్ ఎక్కినా సరే, "గా బొర్ర ఏస్కొని అంచుకు నిలవడ్తవేంది? నడిమిట్ల కూసో" అంటాడు. హోదాతో అతనికి పనిలేదు, బరువు ఎటు పక్కన ఉందో చూస్తాడు, అంతే. పదహారేళ్ళలో ఒక్క స్కూటరు కూడా నీళ్ళపాలు కాలేదు.

మొన్న సాయంత్రం ఇళ్ళకు పోదామని ఇవతలి ఒడ్డున నిలబడి ఉంటే జోగారావు కారులో వచ్చాడు. తూంకుంటలో ప్లాట్లు అమ్మి నాయకుడైన మనిషి. ముంపు బాధితులను పరామర్శించాలట, అదీ కారు దిగకుండా! మా గూడెంలో సగం ఇళ్ళు ఆ కారు కంటే చిన్నవి.

"కారు ఎక్కియ్యి," అన్నాడు.

"ఎక్కదు సార్, మునుగుతది. మీరు దిగి రాండ్రి, జల్దీ తోల్కపోత," అన్నాడు పర్వతాలు.

"నేను బురదల దిగాల్నా?"

"మేం దినాం దిగుతలేమా?"

జోగారావు మొహం మాడిపోయింది. "రేపటి సంది నీ బల్లకట్టు బంద్!"

ఆయన అన్నాడంటే అయినట్టే. అది మాకందరికీ తెలుసు.

పర్వతాలు మావైపు తిరిగాడు. "మీరు చెప్పుండ్రి. నేనన్నది తప్పా?"

ఒడ్డున ఇరవై మందిమి ఉన్నాం. పాలు పోసే బాలమల్లు క్యాను మూత సరిచూసుకున్నాడు. సత్తమ్మ కొంగు సర్దుకుంది. పిల్లలకు నిజమే చెప్పాలని రోజూ పాఠం చెప్పే నేను ఫోన్ చూసుకున్నాను. ఛీ, ఏం బతుకులు!

కారు బురద చిమ్ముకుంటూ వెనక్కి పోయింది. పొద్దు వాలుతోంది. ఇళ్ళన్నీ అవతలి ఒడ్డున ఉన్నాయి. పర్వతాలు మమ్మల్ని అక్కడే వదిలేసి పోయినా అడిగే మొహం మాలో ఎవరికీ లేదు.

"ఏం చూస్తుండ్రు? బంద్ రేపటి సంది గదా," అన్నాడు పర్వతాలు. "ఇయ్యాల ఇండ్లకు పోరా? ఎక్కుండ్రి."

సిగ్గు లేకుండా ఎక్కాం, ఇరవై మందిమీ.