బడికి వెళ్లని పిల్ల తల్లి

పొద్దున్నే స్కూలు వ్యాను హారన్ మోగితే నాకిప్పటికీ కాఫీ సయించదు. రిటైరై జగ్గయ్యపేట వచ్చేశాను, ఆ వ్యానుతో నాకే పనీ లేదు. అయినా ఆ మోత చెవిన పడగానే నందిగామలో మేమున్న సందు, ఎంత మోగినా ఎవరూ వ్యాను ఎక్కని ఎదురిల్లు గుర్తొస్తాయి. పిల్లలందరూ టైలు సర్దుకుంటూ పరుగెత్తుతుంటే ఆ ఇంటి అరుగు మీద పదేళ్ల వెన్నెల పళ్లు తోముకుంటూ నింపాదిగా చూస్తుండేది. ఆ పిల్లను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించిన తల్లి వసుంధర గారు. నా జీవితంలో నేను అంతగా కుళ్లుకున్న మనిషి మరొకరు లేరు. నన్ను అంతగా మార్చిన మనిషీ లేరు.

నేను లెక్కల టీచర్ని. బి.ఎడ్. చేసి ఒక ప్రైవేటు స్కూల్లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినదాన్ని. ఆమెది ఉత్త డిగ్రీ. భర్త ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీకి రోజూ వెళ్లొచ్చేవారు. కొత్తలో ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "పిల్లకి రేపు సర్టిఫికెట్ ఎట్లాగండీ?"

"పదో క్లాసు ప్రైవేటుగా కట్టిస్తామండి. అందాకా ఇంట్లోనే. నాకు రానివి దాంతో పాటు నేనూ నేర్చుకుంటున్నా," అంది నవ్వుతూ. రానివి ఉన్నాయని అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి టీచరెలా అవుతుందని నాలో నేను మూతి తిప్పుకున్నాను.

ఒకసారి జగ్గయ్యపేట బస్సులో తల్లీకూతుళ్లు నా ముందు సీట్లో కూర్చున్నారు. తండ్రి వాచీ చేత్తో పట్టుకుని వెన్నెల కిటికీలోంచి కిలోమీటరు రాళ్లు చూస్తోంది. "అమ్మా, ఇందాక రాయికీ రాయికీ నిమిషమే పట్టింది. ఇప్పుడు రెండు నిమిషాలు!"

"ఎందుకట్లా?"

"చిల్లకల్లు దగ్గర లారీలు అడ్డమొచ్చినయ్ గా. బస్సు స్లో అయింది, టైం పెరిగింది."

ఆ వారమంతా నేను కాలం, దూరం, వేగం పాఠం చెప్పి గొంతు పోగొట్టుకుని ఉన్నాను. సూత్రం అప్పజెప్పమంటే క్లాసు మొత్తం గడగడా అప్పజెప్పింది. వేగం తగ్గితే సమయం ఎందుకు పెరుగుతుందని అడిగితే మళ్లీ అదే సూత్రం అప్పజెప్పింది. ఆ పిల్లకేమో బస్సు కిటికీలోంచే పాఠం వచ్చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

అది ఓర్చుకోగలిగాను కానీ, నా కూతురు సింధు విషయం ఓర్చుకోలేకపోయాను. దానిదీ వెన్నెల వయసే. స్కూలు నుంచి రాగానే పుస్తకాల సంచీ మా ఇంట్లో పడేసి ఆ ఇంటికి పరుగెత్తేది. రోజంతా ఊరి పిల్లలకు చెప్పీ చెప్పీ ఇంటికొచ్చిన నాకు, "హోంవర్కయిందా?" అన్న ఒక్క మాటకు మించి ఓపిక మిగిలేది కాదు. ఒక సాయంత్రం వెళ్లి రమ్మని పిలిస్తే, "ఇంకాసేపుంటానమ్మా. నేనేం చెప్పినా ఆంటీ వింటది," అంది. చదువు మాట దేవుడెరుగు, ఆమె నా బిడ్డనే లాగేసుకుంటోందని భయం పట్టుకుంది.

ఆ భయంతోనే ఒక ఆదివారం "ఊరికే, సరదాకి" అని పిల్లలిద్దరికీ లెక్కల పరీక్ష పెట్టాను. సింధుకు యాభైకి నలభై ఎనిమిది వచ్చాయి. వెన్నెలకు ఇరవై రెండు. రాని లెక్కల దగ్గర "ఇది నాకు తెలియదు" అని రాసి వదిలేసింది. మా స్కూలు పిల్లలెవరూ అలా రాయరు. ఏదో ఒకటి రాసి పేజీ నింపమని మేమే చెబుతాం. పేపర్లు పట్టుకుని, సింధును వెంటబెట్టుకుని విజయగర్వంతో ఎదురింటికి వెళ్లాను.

వసుంధర గారు కూతురి పేపరు చూసి ముఖం చిన్నబుచ్చుకోలేదు. "ఏం రాదో భలే రాసిందండీ. నాకూ పని తేలికైంది," అంది. తర్వాత సింధు పేపరు చూసి నిజంగానే ముచ్చటపడింది. "ఈ లెక్క ఎంత బాగా చేశావమ్మా! ఎట్లా చేశావో చెప్పవూ?"

సింధు నా వైపు చూసింది. "ఏమో ఆంటీ. అంకెలు మార్చి అమ్మ నిన్ననే ఇవన్నీ చేయించింది."

పరీక్ష ముందురోజు ఇంపార్టెంట్లు చెప్పడం మా స్కూళ్లలో మామూలే. అందరం చేసేదే. అది తప్పని ఆ క్షణం దాకా నాకు తోచలేదు. వసుంధర గారు "ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగండి," అంటూ లోపలికి వెళ్లింది. నాలుగు మాటలు అన్నా అంత సిగ్గుపడేదాన్ని కాదు.

మరుసటి ఏడు వాళ్లకు బదిలీ అయింది. సింధు రెండు రోజులు అన్నం ముట్టలేదు. నేను మాత్రం సందు ఖాళీ అయినందుకు హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. దాచుకోవడమెందుకు, నిజం అదే. కానీ క్లాసులో ఇంపార్టెంట్లు చెప్పడానికి ఆ తర్వాత నాకు నోరు రాలేదు. హెడ్మాస్టరు రెండుసార్లు పిలిచి చీవాట్లు పెట్టాడు కూడా.

సింధు ఇప్పుడు నాలుగేళ్ల పాప తల్లి. ఇదే ఊళ్లో, రెండు వీధుల అవతల ఉంటుంది. మొన్న వచ్చి, పాపను కొన్నాళ్లు ఇంట్లోనే చదివిస్తానంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఏం చేయాలో ఇక నన్నడుగుతుందనుకున్నాను.

"వసుంధర ఆంటీ నంబరు సంపాదించానమ్మా. నిన్న మాట్లాడా."

ఇన్నేళ్లయినా అదే కుళ్లు. "ఏమందేం?" అన్నాను, గిన్నెలు సర్దుతున్నట్టు నటిస్తూ.

"'నన్నడుగుతావేంటమ్మా, లెక్కలు మీ అమ్మ చెప్పినట్టు నేను చెప్పలేను. పాపని ఆవిడ దగ్గర కూర్చోబెట్టు,' అన్నారు."

సోమవారం నుంచి పాప నా దగ్గరికి వస్తోంది. అది అడిగేవాటిలో సగం నాకు తెలియవు, తెలియదనే చెబుతున్నాను. దాని పక్కన కూర్చున్నప్పుడల్లా వసుంధర గారి స్థానంలో నేనుంటే ఏం చెప్పేదాన్నో అని ఆలోచిస్తాను. పాపని ఎవరి దగ్గర కూర్చోబెట్టాలని సింధు నన్ను అడిగి ఉంటే ఆమె పేరు నేను ఎత్తేదాన్ని కాదు.