సినిమా అయ్యాక సాక్ష్యం

మా చర్చిలో యూత్ మీటింగుకి తెర కట్టి సినిమా వేశారు. మనసు జబ్బుతో ఉన్న కుర్రాళ్ళూ అమ్మాయిలూ ఒకే వార్డులో బతికే కథ. చివర్లో హీరోయిన్ మాత్రలన్నీ సముద్రంలోకి విసిరేసి నవ్వుతుంది. అంతే, జబ్బు మాయం! నాకు ఒళ్ళు మండిపోయింది. చుట్టూ మాత్రం చప్పట్లు. పాస్టరమ్మగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నారు.

నా పక్కన మా చెల్లి కూర్చుంది. డిగ్రీ చదువుతుండగా దానికి లేనిపోని గొంతులు వినబడడం మొదలైంది. కాకినాడ డాక్టరుగారి మాత్రలతో మళ్ళీ మనిషైంది. నిరుడు ఇదే చర్చిలో, దేవుడు స్వస్థపరిచాడని దాని చేత సాక్ష్యం చెప్పించారు. సాక్ష్యమంటే మాటలా? పదిమందిలో చెప్పాక మళ్ళీ మాత్ర మింగితే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టేనని మానేసింది. నెల తిరక్కుండానే రొయ్యల చెరువులో గొంతులోతు నీళ్ళలో దొరికింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు దానికి విశ్వాసం చాలలేదని తేల్చి, మా ఇంట్లో కాఫీ తాగి మరీ వెళ్ళారు.

పాస్టరమ్మగారు మైకు పట్టుకుని సరాసరి మా దగ్గరికే వచ్చారు.

"లేమ్మా, మళ్ళీ సాక్ష్యం చెప్పు. ఆ పిల్లలాగే నువ్వూ మాత్రలు పారేసేనని చెప్పు. అందరికీ ఆదరణగా ఉంటుంది."

"వద్దండి అమ్మగారూ, దాని ప్రాణం మీదికొస్తుందండి," అన్నాను.

"నువ్వుండమ్మా. దాన్ని చెప్పనీ."

చెల్లి లేచింది. మైకు అందుకుంది.

"వందనాలండీ. నాకు తగ్గలేదండి. రోజూ మాత్రేసుకుంటున్నానండి. నిరుడు మీ మాట విని మానేసేను, చెరువులో దిగేను. ఆ మాత్రలు కూడా దేవుడిచ్చినవేనండి."

పాస్టరమ్మగారు గబగబా మైకు తీసేసుకుని పాట ఎత్తుకున్నారు.

భోజనాల దగ్గర, సినిమాలో పిల్ల కోసం వెక్కివెక్కి ఏడ్చినావిడే తన కూతుర్ని చెల్లి పక్కనుంచి లేపి అవతల కూర్చోబెట్టుకుంది. ఛీ! కులం పేరు చెప్పి మా తాతల్ని పంక్తిలోంచి లేపిన వాళ్ళ మీద ఇప్పటికీ కారాలూ మిరియాలూ నూరే మనుషులు వీళ్ళు. నేను కంచం పక్కకి తోసేశాను.

చెల్లి మాత్రం శుభ్రంగా తిని, బ్యాగులోంచి మాత్ర తీసింది.

"అక్కా, నీళ్ళియ్యి," అంది, బల్ల ఆ చివరిదాకా వినబడేటట్టు.

ఇచ్చాను. అందరూ చూస్తుండగానే మింగింది.