మామ మందులకొట్లో నా సంతకం

పోయిన వారం ఒక యువకుడు నన్ను వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. కృష్ణపట్నం రోడ్డులో, పోర్టుకీ కరెంటు ఫ్యాక్టరీలకీ పనికి పోయేవాళ్ళ బస్సులు ఆగే చోట మందుల షాపు పెడుతున్నాడట. మంచి మర్యాదస్తుడు, తెచ్చిన బత్తాయిలు బల్ల మీద పెట్టి, సంగతి బయటపెట్టాడు. నేను ఫార్మసిస్టు పని మానేసి ఇంటిపట్టునే ఉంటున్నా, ఫార్మసీ కౌన్సిల్లో నా రిజిస్ట్రేషన్ మాత్రం గడువు దాటనీయకుండా రెన్యూవల్ చేయించుకుంటున్నానని ఎవరో చెప్పారట. ఆ సర్టిఫికెట్టు ఎలాగూ ఖాళీగానే ఉంది కదా, తన షాపులో తగిలించుకుంటానన్నాడు. నేను రానక్కర్లేదట, కాలు కదపనక్కర్లేదట, నెలనెలా ఏదో ముట్టజెబుతాడట. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లోవాళ్ళు అంటారు, నిజమే, కానీ ఆ రోజు ఎందుకో కోపం కంటే ముందు నవ్వొచ్చింది. కాఫీ ఇచ్చి, బత్తాయిలు తిరిగి అతని చేతిలో పెట్టి, నా కాగితం కావాలంటే దాంతోపాటు నేనూ వచ్చి షాపు తెరిచినప్పటి నుంచి మూసేదాకా కౌంటర్లో ఉంటాననీ, నాతో పడలేనంటే అలా ఉండే మనిషిని ఇంకెవరినైనా చూసుకోమనీ చెప్పి పంపించాను. అతను వెళ్ళాక చాలాసేపు మా మామే కళ్ళ ముందు మెదిలాడు, ఎందుకంటే నలభై అయిదేళ్ళ కిందట నన్ను ఇదే మాట మొదట అడిగింది ఆయనే.

మామంటే మా అమ్మకు స్వయానా అన్న. మాది బుచ్చి అని పిలుచుకునే బుచ్చిరెడ్డిపాలెం దగ్గర వరి పండించుకునే కుటుంబం. ఆయనది బోగోలు వైపు, జువ్వలదిన్నె చేపల గంపలు వచ్చే రోడ్డు మీద చిన్న మందులకొట్టు. కొట్టు పెట్టకముందు ఒక డాక్టరు గారి దగ్గర ఇరవై ఏళ్ళు కాంపౌండరుగా చేసినాడు. మీలో నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, సీసాలో ఎర్రమందు పోసి, పూటకెంత తాగాలో తెలియడానికి కాగితాన్ని మెట్లు మెట్లుగా కత్తిరించి సీసాకు అంటించేవాళ్ళు కదా, ఆ పని మామ చేస్తుంటే చూడటానికి ముచ్చటగా ఉండేది. చీటీ మీద డాక్టరు ఎంత గొలుసుకట్టుగా రాసినా ఒక్క చూపులో చదివేవాడు, ఏ మందు ఏ బీరువాలో ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని తీసేవాడు. అంతటి పనివాడికి చట్టం ప్రకారం మందు ఇచ్చే హక్కు లేదు.

ఆ తప్పు ఆయన చేజేతులా చేసుకున్నదే. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు ఫార్మసీ చట్టం వచ్చింది, ఆ తర్వాత రాష్ట్రంలో మొదటి రిజిస్టరు రాసేటప్పుడు, చదువు లేకపోయినా ఏళ్ళ తరబడి అనుభవం ఉన్న కాంపౌండర్లు కూడా పేరు నమోదు చేసుకోవచ్చన్నారు. డాక్టరు దగ్గర నుంచి ఒక కాగితం రాయించుకుని పంపితే సరిపోయేది. తన చేతి మందుకు ఊరంతా సాక్ష్యం ఉండగా ఇంకో కాగితం దేనికని మామ ఆ గడువు కాస్తా దాటబెట్టుకున్నాడు. తర్వాత తలుపు మూసుకుపోయింది. అందుకే ఆయన కొట్టు ఎప్పుడూ వేరొకరి సర్టిఫికెట్టు మీద నడిచేది, ఆ సర్టిఫికెట్టు గలవాళ్ళను ఊళ్ళో ఎవరూ కళ్ళతో చూసినట్టు లేదు.

నేను డిప్లొమా పాసై, ఆసుపత్రిలో ప్రాక్టికల్ ట్రైనింగు ముగించి, కాగితాలన్నీ హైదరాబాదులోని కౌన్సిల్‌కు పంపుకున్నాక, ఒక మధ్యాహ్నం రిజిస్టర్ పోస్టులో నా సర్టిఫికెట్టు వచ్చింది. దాని మీద నా పేరు, నా పేరు పక్కన నాదైన ఒక నంబరు. మా నాన్న దాన్ని వడ్లమిల్లుకు తీసుకుపోయి కనబడిన వాళ్ళందరికీ చదివి వినిపించి, చీకటి పడే వేళకు గానీ ఇంటికి తేలేదు. పొలాల పట్టాల్లో తప్ప సర్కారు రిజిస్టర్లో మా ఇంటి పేరు ఎక్కడం అదే మొదలు, అదీ ఒక ఆడపిల్లతో.

ఆ కబురు తెలిసి అందరికంటే ముందు వచ్చింది మామే. ఇక పరాయివాళ్ళ కాగితంతో పనిలేదని సంబరపడ్డాడు. కాగితం గోడకుంటే చాలు, నన్ను ఇంట్లో అత్తకు తోడుగా ఉండమన్నాడు. నేను ఒప్పుకోలేదు. మాకు పాఠం చెప్పిన మాస్టారు ఒక మాట పదేపదే అనేవారు, డ్రగ్స్ ఆఫీసు కొట్టును చూస్తుంది, కౌన్సిల్ మనిషిని చూస్తుంది అని. లైసెన్సు పోతే ఇంకోటి తెచ్చుకోవచ్చు గానీ రిజిస్టర్లో పేరు పోతే మనిషే పోయినట్టని నా మనసులో నాటుకుపోయింది. తెల్లకోటు తొడుక్కుని మర్నాడే కౌంటర్లో నిలబడ్డాను. మామ మొహం మాడ్చుకున్నా, దసరాకు ఆయుధపూజ చేసి త్రాసుకూ కల్వానికీ బొట్టు పెట్టినప్పుడు నా సర్టిఫికెట్టు అద్దానికి కూడా పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం పెట్టాడు. దానికి దణ్ణం పెట్టినంత సులువుగా దాని మాట వినలేకపోయినాడు, అదే మా ఇద్దరికీ తగాదా.

తగాదా సెట్టుల దగ్గర వచ్చింది. జ్వరమొచ్చినా ఒళ్ళు నొప్పులైనా కొట్టు ముందు నిలబడి ఒక సెట్టు ఇమ్మనడం మా వైపు అలవాటు. నాలుగు రంగుల మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్ళు, అందులో చిన్న తెల్లమాత్ర స్టెరాయిడు. వేటకు పోయేవాళ్ళు పడవ ఎక్కేముందు నాలుగు సెట్లు మొలలో దోపుకుని పోయేవాళ్ళు. మామకు అందులో పాపం కనబడలేదు, నొప్పి తగ్గి వాళ్ళు దణ్ణం పెడుతుంటే ఆయనకు తన చేతి చలువ అనిపించేది. నాకు మాత్రం జువ్వలదిన్నె నుంచి చేపలు తెచ్చే ఒక అక్క మొహం చూస్తే భయమేసేది. మోకాళ్ళ నొప్పులకని ఏడాదిగా రోజూ సెట్టు మింగి మింగి ఆమె మొహం గుండ్రంగా ఉబ్బిపోయింది. ఒక్కసారిగా మానేసినా ప్రమాదమేనని, ఆమె మింగుతున్నవన్నీ ఒక చీటీ మీద రాసిచ్చి, కావలి ఆసుపత్రిలో డాక్టరుకు చూపించి ఆయన చెప్పినట్టు తగ్గించుకోమన్నాను. డాక్టరు చీటీ లేనిదే నేను ఇవ్వనన్నాను. ఆమె నన్ను నానామాటలూ అనింది, మామ కూడా ఆమె వైపే మాట్లాడినాడు.

ఆ తర్వాత మా అక్క సీమంతానికి మూడు రోజులు బుచ్చి వెళ్ళాను. నేను తిరిగి వచ్చేదాకా చీటీ మందులు ఇవ్వొద్దని మామకు చెప్పే వెళ్ళాను. నేను లేని ఆ రెండో రోజున చేపలక్క వచ్చి ఏడిస్తే ఆయన మనసు కరిగి సెట్టు ఇచ్చినాడు. ఇచ్చి, చీటీ మందుల పుస్తకంలో ఏదో డాక్టరు పేరు రాసి, కింద నా సంతకం పెట్టినాడు. అచ్చం నాదే అనిపించేటట్టు పెట్టినాడు, ఆయన చేతిరాత అంత చక్కనిది. అదే సాయంత్రం డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు వచ్చి పుస్తకం తిరగేసి, ఫార్మసిస్టు ఏదని అడిగితే ఇప్పుడే భోజనానికి పోయిందన్నాడట. ఆ ఇన్‌స్పెక్టరు సోమవారం మళ్ళీ వస్తాననీ ఆ అమ్మాయిని ఉండమనీ చెప్పి వెళ్ళిపోయాడు.

ఆదివారానికి మా అమ్మ కూడా బోగోలు వచ్చేసింది. సంతకం నాదేనని ఒక్క మాట అంటే పోయేదేమీ లేదని అందరూ నాకు నచ్చజెప్పారు. కొట్టు మూతబడితే మామ సంసారం ఏం కావాలని అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మామ మాత్రం నన్ను ఏమీ అడగలేదు, నా వంక చూడనూ లేదు. నిజం చెప్పొద్దూ, అవుననేద్దామనే అనుకున్నాను. సోమవారం ఇన్‌స్పెక్టరు ఆ పేజీ తీసి నా ముందు పెట్టేదాకా కూడా అదే అనుకుంటూ ఉన్నాను. తీరా చూస్తే ఆ మాత్రలు నేనే ఇచ్చినట్టు నా పేరు మీద ఉన్నాయి, నేను ఇవ్వనని చెప్పిన ఆ తెల్లమాత్రతో సహా, నేను ఇవ్వనన్న మనిషికే.

"కాదు సార్. ఈ సంతకం నాది కాదు, ఆ రోజు నేను ఊళ్ళో లేను" అన్నాను.

ఇవాళ్టికీ ఆ మాట తలుచుకుంటే నాకు గర్వంగానే ఉంటుంది. కొట్టు లైసెన్సు కొన్నాళ్ళు సస్పెండ్ చేశారు. తలుపులు మూసి సీలు వేస్తుంటే మామ అరుగు మీద కూర్చుని రోడ్డు వంక చూస్తూ ఉండిపోయాడు. నేను నా సర్టిఫికెట్టు తీసుకుని అమ్మతో పాటు బుచ్చి వచ్చేశాను, దారి పొడుగునా అమ్మ నాతో పలకలేదు. మా వాళ్ళలో నాకు మేనమామ కడుపు కొట్టినదాన్నని పేరొచ్చింది, పెళ్ళిళ్ళలో నేను పోయి కూర్చుంటే పక్కవాళ్ళు లేచిపోయేవాళ్ళు.

గడువు తీరి కొట్టు తెరుచుకోవచ్చని ఉత్తరం వచ్చాక, మామకు సర్టిఫికెట్టు ఇస్తామని ఇద్దరు ముగ్గురు ముందుకొచ్చారని, అందులో ఒకాయన ముఖం కూడా చూపించనక్కర్లేదన్నాడని తర్వాత తెలిసింది. మామ వాళ్ళెవరి దగ్గరికీ పోకుండా బస్సెక్కి బుచ్చి వచ్చినాడు. మా నాన్న మంచమేసి కూర్చోమన్నా కూర్చోలేదు. చిక్కిపోయాడు. నా దగ్గరికి వచ్చి, తల వంచుకునే చెప్పినాడు.

"కాగితం వద్దు పాపా. నువ్వే రావాల."

అంతకు మించి ఆయన క్షమాపణ అడగలేదు, నేనూ అడిగించుకోలేదు. ఆ పూటే బయల్దేరి వెళ్ళాం. ఆ రోజు నుంచి మామ తన కుర్చీ కౌంటరు లోపలి నుంచి తీసి బయట వేసుకున్నాడు. ఎవరైనా వచ్చి అన్నా ఒక సెట్టు అంటే, లోపల పాప ఉండాది, చీటీ చూపించి అడగండి అనేవాడు. మొదట్లో సగం మంది పక్క ఊరి కొట్టుకు పోయారు. చేపలక్క చాలా నెలల తర్వాత ఆసుపత్రి చీటీతో వచ్చింది. మొహం వాపు తీసింది, మోకాళ్ళు మాత్రం నొస్తూనే ఉన్నాయట, ఆ సంగతి చెబుతూ నన్ను ఇంకో రెండు తిట్లు తిట్టి మందు తీసుకుని పోయింది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా ఆ కౌంటర్లోనే పనిచేశాను. రాష్ట్రం విడిపోయాక నా పేరును ఇక్కడి కౌన్సిల్ రిజిస్టర్లోకి మార్పించుకున్నాను, ఒక్క మచ్చ లేకుండా మారింది.

మామ చివరి రోజుల్లో ఒకసారి నేను మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోయి, అత్తతో మాటల్లో పడి కాస్త ఆలస్యంగా కొట్టుకు వచ్చాను. బయట బెంచీ మీద నలుగురు చీటీలు పట్టుకుని కూర్చుని ఉన్నారు, వాళ్ళలో నాలుగోవాడు మామ. ఒళ్ళు కాలిపోతోంది, పెదాలు ఎండిపోయాయి, చేతిలో డాక్టరు చీటీ ఉంది, ఆ మందు లోపలికి పోయి చేయి చాపితే అందే అరలో ఉంది. కొట్టు ఆయనది, మందు ఆయనది, చీటీ ఆయన పేరు మీదే ఉంది. ఇంత జ్వరం పెట్టుకుని ఇలా ఎందుకు కూర్చున్నావని గట్టిగా కేకలేశాను. ఆయన తాపీగా తన ముందున్న ముగ్గురినీ చూపించి, ముందు వాళ్ళ సంగతి చూడమన్నాడు.

"నేనే తీసుకుంటే దాని కింద సంతకం ఎవరిది పాపా?" అన్నాడు.

ఆ ముగ్గురికీ ఇచ్చి, ఆయన వంతు వచ్చాక ఆయనకూ ఇచ్చి, పుస్తకంలో రాసి నా సంతకం పెట్టాను. నా కళ్ళలో నీళ్ళు చూసి ఆయన నవ్వినాడు.

ఇప్పుడు షాపులకు అద్దాల తలుపులు వచ్చాయి, చల్లటి గాలి వచ్చింది, రెన్యూవల్ కూడా ఫోన్లోనే అయిపోతోంది, మందు కావాలంటే గడప దగ్గరికే వచ్చి పడుతోంది. మంచిదే, ముసలితనంలో నేను కూడా అలాగే తెప్పించుకుంటున్నాను. అయితే ఆ పొట్లం ఎవరు చూసి కట్టారో, ఎవరి పేరు మీద వచ్చిందో నాకు తెలియదు, తెచ్చిన వాడికీ తెలియదు. మందు కోసం ఎదురుచూసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు గానీ, మందు ఇచ్చే మనిషి కోసం ఎదురుచూసినవాణ్ణి నా జన్మలో ఒక్కణ్ణే చూశాను.