సింగడి కోపం, నా చేతిలో కట్టె

మా చిన్నప్పుడు మా ఇంట్లో కుక్కపిల్లకి ముద్ద పెట్టే హక్కు ఒక్క బాపుకే, అంటే మా నాన్నకే ఉండేది...

నర్మెట్ట దగ్గర మా పల్లె. మక్కచేను, అంటే మొక్కజొన్న, కంకి పట్టిందంటే చాలు, అడవి పందులు మందలుగా దిగేవి. అందుకే బాపు దంతాలపల్లిలో మా మేనత్త ఇంటి నుంచి నాలుగు నెలల వేటకుక్క పిల్లని తెచ్చాడు. పొడుగు కాళ్ళు, సన్నటి నడుము, ఎర్రటి ఒళ్ళు... పేరు సింగడు.

వేటకుక్కని పెంచడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పెంచేవాడు ముద్దని కాసేపు చంకలో పెట్టుకుని, చెమట వాసన పట్టాక పెట్టాలి. ఇంకెవరూ పెట్టకూడదు. అప్పుడే అది ఒక్క మనిషి మాట వింటుందట. మరి మిగిలినవాళ్ళ పనేమిటంటే... దానికి కోపం తెప్పించడం!

ఆ పని నాది. అప్పుడు నేను ఆరో తరగతి. తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. బడి బంద్, బస్సులు బంద్... నాకు మాత్రం వేరే పనేముంది?

"అది తింటుంటే కట్టెతోని జర పొడువు బిడ్డా, రోషం రావాలె" అనేవాడు బాపు. నేను పొడిచేదాన్ని. అది గుర్రుమంటే బాపు మురిసిపోయేవాడు. బాపు మురిశాడని నేనూ మురిసేదాన్ని... నిజం చెప్పాలంటే నాకదో ఆట.

అంతలో బాపు రైలు రోకోకని జనగామ పోయాడు. పట్టాల మీద కూర్చున్నవాళ్ళని పోలీసులు పట్టుకుపోయారు. జైల్లో పెట్టారని మర్నాటికి గానీ మాకు తెలియలేదు.

ఇంట్లో అమ్మ ఏడుపు... అవ్వ, అంటే మా నాయినమ్మ, గడపలోనే కూర్చుని దారి వంక చూస్తోంది. ఇక కొట్టంలో గొలుసుతో కట్టేసిన సింగడి సంగతి ఎవరికి గుర్తుంటుంది? గుర్తొచ్చి అమ్మ గిన్నె పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది. రెండు రోజులు నీళ్ళతోనే గడిపింది. మూడో రోజు నాకు పాపమనిపించి, ముద్ద పట్టుకుని దగ్గరికి పోయాను. ఇన్నాళ్ళూ కట్టె పట్టుకొచ్చిన చెయ్యే కదా... ముద్దని చూడనేలేదు, నా మణికట్టు పట్టేసింది.

బాపు తమ్ముడు, మా చిన్నబాపు, నన్ను బండి మీద దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు సూది వేసి, "కుక్కను సంపకుండ్రి. పది దినాలు కండ్ల ముందర పెట్టుకొని చూడుండ్రి. దానికి ఏమన్నయితే వచ్చి చెప్పుండ్రి" అన్నాడు.

తిరిగొస్తుంటే దారి పొడుగునా చిన్నబాపుది ఒకటే మాట. "పదే దినాలు. పదకొండో నాడు నేనే దాన్ని ఖతం జేస్త. అన్న లేని ఇంట్ల పిల్లలను కరిసే కుక్క ఎందుకు?" అమ్మ కూడా అదే మంచిదంది. ఆ రోజంతా ఏడ్చాను. చెయ్యి నొప్పి కొంత, సింగణ్ణి చంపేస్తారనే భయం కొండంత...

అవ్వ ఒక్కతే పక్కన కూర్చుని అడిగింది. "గది నిన్నే ఎందుకు కరిసిందే?"

కట్టె సంగతి చెప్పాను. అవ్వ తిట్టలేదు. "మీ బాపు పొడువుమంటె పొడిసినవ్. గది దానికెట్ల తెలుస్తది? నువ్వు పెట్టిన కోపం నువ్వే తియ్యాలె" అంది.

ముందుగా ఇంట్లో కట్టె అన్నది దాని కంటికి కనబడకుండా దాచేసింది. చీపురు, ముల్లుగర్ర... ఆఖరికి ఊరేగింపుకి పిల్లలం పట్టుకునే జెండాల కట్టెలు కూడా పీకించింది. మా వాడ పిల్లలం జెండాలని రెండు చేతులా చాపి పట్టుకుని జై కొట్టాం. ఎవరో నవ్వితే, "కట్టె ఉంటెనే వస్తదా తెలంగాణ?" అని అవ్వ కసిరింది.

ఇక నన్ను గొలుసు అందనంత దూరంలో, సింగడికి వీపు పెట్టి కూర్చోమంది. "దాని కండ్లల్ల చూడకు. నీ గట్క నువ్వు తిను. ఒక్క ముద్ద ఎనుకకు దొర్లియ్యి."

మొదటి రోజు నా జొన్న గట్క ముద్దకి చీమలు పట్టాయి. సింగడు అవ్వ జరిపిన మజ్జిగ మాత్రం కాస్త నాకింది. రెండో రోజు వెనక తింటున్న చప్పుడు... తిరిగి చూడబోయి, అవ్వ గుడ్లురిమితే ఆగిపోయాను. రోజుకి జానెడు చొప్పున నన్ను వెనక్కి జరిపేది. ఏడో రోజు చల్లటి ముక్కు నా వీపుకి తగిలింది. కొయ్యబారిపోయాను. అది నా జడ వాసన చూసి, నన్ను ఆనుకుని పడుకుంది. నాకు ఏడుపొచ్చేసింది...

కుక్క కరిచిన పదో రోజు బాపుని విడిచిపెట్టారు. చిన్నబాపే బండి మీద తీసుకొచ్చాడు. వాడ మొత్తం మా వాకిట్లోనే ఉంది. మెడలో పూలదండతోనే బాపు ముద్ద కలిపి, చంకలో పెట్టుకుని, "సింగా" అని పిలిచాడు. అవ్వ గొలుసు విప్పింది. అది తోకాడిస్తూ పోయి సగం తిని, ఇటు వచ్చి నా కాళ్ళ దగ్గర పడుకుంది. అంతమంది జనంలో ఒక్కరి మీదా గుర్రుమనలేదు.

బాపు మొహం మాడిపోయింది. "కుక్కను గొర్రెను జేసిండ్రు గదనే" అన్నాడు.

అవ్వ కట్టు కట్టిన నా చెయ్యి ఎత్తి ఆయన ముందు పెట్టింది. "నువ్వు నేర్పిన రోషం మొదలు నీ బిడ్డ మీదనే పడ్డది కొడుకా."

బాపు ఆ కట్టు తడిమాడు. దండ తీసి పక్కన పెట్టాడు. మిగిలిన ముద్ద నా అరచేతిలో పెట్టి, "ఇంద... నువ్వే పెట్టు" అన్నాడు. చిన్నబాపు మళ్ళీ ఖతం మాట ఎత్తలేదు.

సింగడు ఇంకో తొమ్మిదేళ్ళు బతికింది. పందుల్ని తరమడంలో ఎవరి కుక్కకీ తీసిపోలేదు.

ఇప్పుడు మా చేల చుట్టూ కరెంటు కంచెలు. వేటకుక్కలు లేవు, అవ్వా లేదు... మా అపార్ట్‌మెంట్లో కుక్కకి బుద్ధులు నేర్పడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటున్నారు. మణికట్టు మీద మచ్చ చూసి ఎవరడిగినా, చిన్నప్పుడు కుక్క కరిచిందనే చెబుతూ వచ్చాను. ముందు పొడిచింది నేనని మీకే మొదటిసారి చెబుతున్నాను.

మీరూ ఎప్పుడైనా ఒక మూగజీవిని ఇలా బాధపెట్టారా? అది మిమ్మల్ని మన్నించిందా? రాయండి... నాకూ కాస్త తోడు దొరుకుతుంది.